బతికున్నవాడి ఇంటి ముందు తెల్లబండి

మా నియోజకవర్గం మాజీ ఎమ్మెల్యే నాకు ఫోన్ చేశాడంటే ముందు నా నాడి నేనే పట్టుకుని చూసుకుంటాను. కొట్టుకుంటోందని తేలాకే ఫోన్ ఎత్తుతాను. ఇది నా ఒక్కడి జబ్బు కాదు. దుబాయ్‌లో జెబెల్ అలీ కూలీల క్యాంపుల్లోనైనా, బనియాస్ గదుల్లోనైనా, షార్జాలో మా రోలా సందుల్లోనైనా మా వైపు మనిషికి ఆయన నంబరు తెర మీద కనబడితే, ఎత్తకుండా పక్కవాడి మొహంలోకి చూస్తాడు. ఆ చూపుకు ఒకటే అర్థం: ఎవరు?

నేను రోలాలో ఒక టైపింగ్ సెంటర్లో పనిచేస్తాను. వీసాలకూ అద్దె ఒప్పందాలకూ కాగితాలు అరబ్బీలో, ఇంగ్లీషులో కొట్టిపెట్టడం నా పని. చదువుకునే రోజుల్లో కవినై కీర్తి సంపాదిద్దామనుకున్నాను. అందులో 'కీ' ఒక్కటే దక్కింది, బోర్డుతో సహా. ఊళ్లో మాత్రం దుబాయ్‌లో పెద్ద ఆఫీసులో ఉన్నాడని చెప్పుకుంటారు. అబద్ధం కాదు. ఆఫీసు పెద్దదే, నా కుర్చీయే చిన్నది.

మనిషి పుట్టడానికి ఎన్ని కాగితాలో, పరాయి దేశంలో పోవడానికి అంతకు మించి. మా జిల్లావాడెవడైనా ఇక్కడ కన్నుమూస్తే ఆ కాగితాలు తిరిగి తిరిగి నా బల్ల మీదికే వస్తాయి. ఆయనకూ నాకూ పరిచయం అలా అయింది. కాగితం నాది, భుజం ఆయనది.

ఆయన రాజకీయం పెట్టెతో మొదలైంది. అంతకుముందు ట్రాక్టరు విడిభాగాల దుకాణం నడిపేవాడు. పక్క వీధి మనిషి దుబాయ్‌లో పోతే, ఆ ఇంటివాళ్లకు శంషాబాద్ దాకా వెళ్లడానికి వాహనం లేక ఏడుస్తుంటే, తన తెల్లబండి తీసుకుని వెళ్లాడు. విమానాశ్రయం కార్గో గేటు దగ్గర శవం ఉన్న పెట్టె బయటికి వచ్చింది. మోయడానికి ముగ్గురే ఉన్నారు. నాలుగో మూల ఈయన పట్టాడు. ఎవరో తీసిన ఫొటో మర్నాడు పేపర్లో వచ్చింది. ఆ తర్వాత మా వైపు ఏ పెట్టె వచ్చినా నాలుగో మూల ఆయనదే.

నిజం చెప్పాలి, ఉత్త ఫొటో మనిషి కాదు. ఫోన్లో చావు కబురు విని ఇల్లాలు ఒంటరిగా కూలబడటం ఒకసారి కళ్లారా చూశాడట. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఇక్కడ మాలాంటివాళ్లం ముందు ఆయనకు చెబుతాం. కబురు చేరకముందే ఆయన చేరతాడు. ఇంటి ముందు బండి ఆపి, లోపలికి వెళ్లి, నేల మీద కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగి, అప్పుడు మెల్లగా చెబుతాడు. ఈలోగా డ్రైవరు టెంటు వేయించి, నీళ్ల డ్రమ్ము దింపిస్తాడు. మంచి పద్ధతే. ఒక్కటే చిక్కు. కొన్నాళ్లకు ఆయన నోరు విప్పే అవసరం లేకుండా పోయింది. బండి ఆగితే చాలు, లోపల ఏడుపు మొదలయ్యేది.

మోసిన భుజాన్ని జనం మరిచిపోలేదు. ఎన్నికల్లో నిలబెట్టి గెలిపించారు. ఆయనది రెండు పెట్టెల రాజకీయం అనేవాణ్ణి నేను, ఇక్కడ మేకులు కొట్టి పంపేదొకటి, అక్కడ ఓట్లు పడేదొకటి అని. "ఓట్ల పెట్టె పోయి మిషన్లొచ్చి ఎన్నేళ్లయిందబ్బయా!" అని మా గదిలో ఉండే నెల్లూరు భాయ్ నా చమత్కారం గాలి తీసేశాడు. భాయ్ ఇక్కడ టాక్సీ నడుపుతాడు. నా మాటలకు నవ్వకపోవడం ఆయన రెండో ఉద్యోగం.

మరుసటి ఎన్నికల్లో అదే బండి ఓట్లు అడగడానికి వీధుల్లోకి వచ్చింది. మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్న ఇళ్లే ఎక్కువ. బండి మలుపు తిరగగానే ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులు వేసుకున్నారట. మైకులో "మీ అన్న వచ్చిండు" అని కేక వినబడితే ఒక ఇంట్లోంచి "మా ఇంటికి రాకన్నా, నీ కాళ్లు మొక్కుత" అని జవాబొచ్చిందట. ఆయన ఓడిపోయాడు. మాజీ అయ్యాడు.

తర్వాత కరోనా వచ్చింది. ఆ జబ్బుతో పోయినవాళ్లను పంపడానికి లేకపోయింది, అందర్నీ ఇక్కడే సాగనంపాం. పెట్టెలు ఆగిపోయాయి. ఆయన అక్కడ ఇంట్లో కూర్చుని ఫోన్లోనే ఒక్కొక్క కుటుంబాన్నీ పలకరించేవాడు. "తమ్మీ, మొయ్యనీకి కూడ లేకపాయె" అని నాతో ఒకసారి అన్నాడు. ఆ మాట నాయకుడిదో మనిషిదో తేల్చుకోలేక నేను ఊ కొట్టాను.

మళ్లీ అసెంబ్లీ ఎన్నికలు దగ్గరపడ్డాక ఆయన దుబాయ్ వచ్చాడు. ఇక్కడ సభలు పెట్టకూడదు, జెండాలు పట్టకూడదు. కాబట్టి నాయకులు 'బిర్యానీ తినడానికి' వస్తారు. క్యాంపుల్లో కలిసి తింటూ, ఒక్కొక్కడి చేత ఇంటికి ఫోన్ చేయించి, "అన్నకే వెయ్యుండ్రి" అనిపిస్తారు. ఈయన జెబెల్ అలీలో ఒక క్యాంపు మెట్లెక్కుతుంటే గదుల్లో టీవీలు ఆగిపోయాయి. మనుషులు గుమ్మాల్లో నిలబడి ఒకర్నొకరు లెక్కపెట్టుకుంటున్నట్టు చూసుకున్నారు. అందరూ ఉన్నారని తేలాకే ఎవడో "రాండ్రన్నా" అన్నాడు. బిర్యానీ మాత్రం చాలా మిగిలింది.

ఆ వారంలోనే మా బావకు పక్షవాతం వచ్చింది.

ఊరి వరసకు బావ. జెబెల్ అలీలో క్రేన్ కింద నిలబడి చేతులతో సైగలు చేసే పని. లేపు, దించు, ఆగు. పైన క్యాబిన్లో ఉన్నవాడు పాకిస్తానీయో, మలయాళీయో ఎవరైనా సరే, బావ చేతుల్ని బట్టే ఇనుము కదలాలి. సైటులో ఉండగానే ఆ కుడిచెయ్యి ఉన్నట్టుండి వాలిపోయింది. మూతి వంకర పోయింది. ఆసుపత్రిలో ప్రాణం నిలిచింది కానీ, మళ్లీ వస్తే కష్టమనీ, ఆందోళన లేకుండా చూసుకుని, బీపీ అదుపులో ఉండగానే ఇంటికి చేర్చమనీ డాక్టరు చెప్పాడు. స్ట్రెచర్ మీద పంపాలి. నర్సును, విమానాన్ని కంపెనీ చూసుకుంటానంది. తోడుగా ఇంకొక మనిషి కావాలి, శంషాబాద్‌లో దిగాక అంబులెన్సు కావాలి.

అంబులెన్సు అంటే నాకు గుర్తొచ్చింది అన్నే, మా మాజీ ఎమ్మెల్యే. బావ బతికే ఉన్నాడనీ, ఆసుపత్రిలో ఉన్నాడనీ, బావ భార్యకు, అంటే వరసకు నా అక్కకు, నేనే మెల్లగా చెబుతాననీ, అంబులెన్సు ఒక్కటి చూడమనీ అడిగాను. "అయ్యో, గంతేనా" అన్నాడు. వెంటనే అక్కడి డ్రైవరుకు ఫోన్ చేసి, ఆ ఇంటికి వెళ్లి వాళ్లకేం కావాలో కనుక్కోమన్నాడు. మంచి మనసుతోనే.

డ్రైవరు అన్నేళ్లుగా చేస్తున్నదే చేశాడు. తెల్లబండి తెచ్చి బావ ఇంటి ముందు ఆపాడు. వెనకాలే టెంటు వచ్చింది. నీళ్ల డ్రమ్ము దిగింది.

అప్పుడు నేను బావ మంచం పక్కన ఉన్నాను. అక్కతో మాట్లాడిద్దామని, వాట్సాప్ కాల్స్ ఇక్కడ కలవవు కాబట్టి వేరే యాప్‌లో వీడియో కాల్ కలిపి ఫోన్ బావ మొహం ముందు పట్టుకున్నాను. అటు ఎవరో పిల్ల ఎత్తింది. తెర మీద ఇంటి కప్పు, చీర కొంగులు, మళ్లీ కప్పు. ఆ వెనక వీధంతా కలిసి ఏడుస్తున్న చప్పుడు. ఒక ముసలి గొంతు బావ పేరు పెట్టి, చిన్నప్పటి సంగతులన్నీ ఎత్తి పాడుతోంది.

నేను ఫోన్ లాక్కునేలోగా బావ వినేశాడు.

"ఎవలు... పోయిన్రు?" అన్నాడు ముద్ద ముద్దగా.

"ఎవ్వరు పోలే బావా. డ్రైవరు తప్పుగ బండి తెచ్చి..."

"తెల్లబండా?"

నేను ఫోన్ బోర్లా పెట్టాను.

ఊళ్లో బావ ఇంటి ముందు టెంటు తీసేశారు. ఏడుపు ఆగింది. కానీ అక్క నమ్మలేదు. వీడియోలో బావను చూపిస్తే, "గిది పాత వీడియోనా తమ్మీ?" అంది. బావ ఎడమచెయ్యి ఊపి చూపిస్తే, "ఎవరన్న పట్టుకొని ఊపుతున్రా?" అంది. ఆమెను ఏమంటాం? ఆ వీధిలో తెల్లబండి ఇంతవరకు ఒక్కసారీ అబద్ధం చెప్పలేదు.

ఇటు బావ తిండి తగ్గించాడు. బీపీ పెరిగింది. ఇలాగైతే విమానమెక్కించలేం అని డాక్టరు ప్రయాణం ఆపేశాడు. సాయంత్రం అన్న పరామర్శకు ఆసుపత్రికి వచ్చాడు, చేతిలో యాపిల్ పళ్ల సంచీతో. గుమ్మంలో ఆయన్ను చూడగానే బావ గోడ వైపు తిరగబోయి, తిరగలేక, కళ్లు మూసుకున్నాడు.

"నేను బతికే ఉన్న గద... ఈయనెందుకొచ్చిండు?"

అన్న అక్కడే ఆగిపోయాడు. ఒక మాజీ ఎమ్మెల్యే యాపిల్ పళ్లు పట్టుకుని గుమ్మం దాటలేక నిలబడటం నేను చూశాను. కార్గో గేటు దగ్గర ఏ మూల పట్టాలో, ఏ మెట్టు దగ్గర ఎత్తు మార్చాలో తెలిసిన మనిషికి, బతికున్నవాడి మంచం దగ్గర ఎటు నిలబడాలో తెలియలేదు.

ఆ రాత్రికి ఆయన్ను హోటలుకు పోనీయకుండా మా గదికే తీసుకొచ్చాను. మర్నాడు పొద్దున పార్టీ అభ్యర్థుల జాబితా బయటికి వచ్చింది. ఇక్కడ మా అందరికీ టికెట్ అంటే ఊరికి పోవడం. ఆయనకు టికెట్ అంటే ఊరూరా పోవడం. ఆయనకు రాలేదు. అప్పటిదాకా ఒక్క క్షణం ఊరుకోని ఫోను, ఎవరో తీగ కోసినట్టు, మూగబోయింది.

కాసేపటికి ఒకటే కాల్ వచ్చింది, వేరే పార్టీ వాళ్లది. స్పీకర్లో పెట్టి మాట్లాడాడు. ఇవాళే బయల్దేరి వస్తే కండువా కప్పి టికెట్ ఇస్తామన్నారు. రేపంటే ఇంకొకరిని చూసుకుంటామన్నారు.

భాయ్ టీ గ్లాసు ఆయన ముందు పెట్టాడు. "యల్లా, పద అన్నా, నా టాక్సీలోనే దింపేస్తా. నువ్వుంటే ఈడ అందరికీ బీపీలే. ఈ అబ్బయ్య అయితే మూడు దినాల్నుంచి చెయ్యి పట్టుకుని నాడి చూసుకుంటా ఉండాడు."

నేను చెయ్యి లుంగీ కింద దాచుకున్నాను.

"ఒక్కన్నన్న బతికున్నోన్ని తీస్కపోత తమ్మీ," అన్నాడు అన్న, నా వైపు చూడకుండా. "తోడు మనిషి గావాలంటివి గద. నేనే కూసుంట పక్కన."

"బావ ఒప్పుకోడన్నా. మీతో అంటే అసలే ఒప్పుకోడు."

"అడుగు."

నేను బావను అడగలేదు. అక్కకు ఫోన్ చేశాను. విషయం చెప్పాను. ఆమె ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వచ్చినట్టుంది, కోళ్ల అరుపులు వినబడ్డాయి. తర్వాత గొంతు మారింది.

"ఆయన పక్కనే ఉన్నడా? ఫోన్ ఆయనకియ్యి." ఇచ్చాను. స్పీకర్లోనే ఉంది. "అన్నా, నా ఇంటి ముంగట బండి పెట్టిచ్చింది నువ్వే గద. ఊరోళ్లందరు నన్ను ముండమోపిని జేసి జూసిన్రు. ఇప్పుడు నువ్వే తేవాలె. మనిషిని తెచ్చి నా చేతుల పెట్టాలె. ఇంకొకరు తెస్తే నేన్నమ్మ."

"తెస్త చెల్లె."

"బతికుండంగ."

"...తెస్త."

భాయ్ టీ గ్లాసులు తీసుకుని చప్పుడు చేయకుండా లోపలికి వెళ్లిపోయాడు. జోకు వేయకపోవడం ఆయన పద్ధతిలో గౌరవం. అన్న ఆ వేరే పార్టీ వాళ్లకు ఫోన్ చేసి ఇవాళ రాలేనని చెప్పాడు. అటువైపు వాళ్లు "ఖలాస్" అనకపోయినా, నాకు అదే వినబడింది.

అక్క చెప్పిన మాట బావకు చేరవేశాను. కళ్లు మూసుకునే విన్నాడు. తెరిచాక, "నా పెండ్లామే... పిలిచిందా?" అని అడిగాడు. ఆ పూట గంజి తాగాడు. రెండు రోజులకు బీపీ దిగింది. డాక్టరు సరే అన్నాడు. అన్నను మాత్రం బావ కన్నెత్తి చూడలేదు. విమానాశ్రయంలో స్ట్రెచర్ లోపలికి వెళుతుంటే, పక్కన నర్సు, ఆ పక్కన తెల్లచొక్కా తెల్లప్యాంటులో అన్న. "తమ్మీ, ఆయన్ను... కాళ్ల దిక్కు కూసోమను. తలకాయ దిక్కు వద్దు," అన్నాడు బావ నాతో. అన్న విన్నాడు. కాళ్ల వైపే నడిచాడు.

మర్నాడు నేను టైపింగ్ సెంటర్లో, ఎదురుగా ఎవరిదో వీసా కాగితం పెట్టుకుని, ఒక్క అక్షరం కొట్టకుండా కూర్చున్నాను. విమానం దిగిందని తెలిసింది. అక్కకు వీడియో కాల్ చేశాను. వెనక ఎత్తైన ఇనుప గేటు, లారీలు.

"అక్కా, ఎక్కడున్నవ్?"

"గేటు కాడనే. తెల్లబండిల ఎక్కనంటె, మనిషిని జూపిస్త రమ్మని డ్రైవరు తోలుకొచ్చిండు. ఈన్నే నిలవడాలెనట."

అది ప్రయాణికులు వచ్చే గేటు కాదు. కార్గో గేటు. 'అన్న వస్తున్నాడు, గేటు దగ్గరికి రా' అంటే ఆ డ్రైవరుకు తెలిసిన గేటు అదొక్కటే. ఆ ఉద్యోగంలో ఇంకో గేటు అవసరం ఎప్పుడూ పడలేదు.

"అక్కా, అక్కడ గాదు, నువ్వు బండెక్కి..."

నా మాట పూర్తికాలేదు. గేటు తెరుచుకుంది. తోపుడుబండి మీద పెట్టె ఒకటి బయటికి వచ్చింది. అక్క చేతిలోంచి ఫోన్ జారింది. ఆకాశం కనబడింది. ఆమె గొంతు ఎలా లేచిందో రాయలేను.

ఇంకో ఫోన్లో అన్న. "తమ్మీ, బయటికొచ్చినం. ఈడ మనోళ్లెవ్వరు లేరు. అంబులెన్సు ఒక్కటే ఉన్నది."

"అన్నా, వాళ్లంతా కార్గో కాడున్నరు! బావను తీస్కొని తొందరగా అటు పోండ్రి. అక్క అక్కడ ఇంకెవరిదో పెట్టె చూసింది!"

ఆయన ఒక్క ప్రశ్న అడగలేదు. ఫోన్ పెట్టేయనూ లేదు. అంబులెన్సు చప్పుడు, నర్సు ఏదో అనడం, బ్రేకులు. తర్వాత ఎవరో అక్క ఫోన్ నేల మీద నుంచి ఎత్తారు. ఆ తెరలో నాకు అంబులెన్సు తలుపు తెరుచుకోవడం కనబడింది. అన్న దిగి, తన డ్రైవరు సాయంతో స్ట్రెచర్ దింపాడు. అక్క కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది, దగ్గరికి రావడం లేదు. బావ ఎడమచెయ్యి లేపాడు. ఎవరూ పట్టుకుని ఊపడం లేదని ఆమె చూడాలన్నట్టు పైకెత్తి పెట్టాడు. అప్పుడొచ్చింది. వచ్చి ఆ చెయ్యి పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటీ వంచి చూసింది.

వాళ్ల వెనక ఆ పెట్టె అలాగే ఉంది. దాని పక్కన ముగ్గురు మగవాళ్లు. అటూ ఇటూ చూస్తున్నారు, నాలుగో మనిషి కోసం. నాకు ఆ పెట్టె తెలుసు. దాని కాగితాలు ఆ వారమే నా బల్ల మీది నుంచి వెళ్లాయి. అన్న ఇక్కడే బావ గొడవలో ఉన్నాడని ఆ చావు సంగతి ఆయనకు నేను చెప్పలేదు. ఆ ఇంటికి ఎవరూ ముందుగా చేరలేదు.

అన్న ఆ ముగ్గుర్నీ చూశాడు. ఆయన భుజం, ఎవరూ చెప్పకుండానే, ఒకవైపు కొంచెం వంగింది. ఒక అడుగు అటు వేశాడు. స్ట్రెచర్ మీది నుంచి ఆయన చెయ్యి జారబోయింది.

బావ ఎడమచెయ్యి అక్క చేతుల్లోంచి విడిపించుకున్నాడు. అరచెయ్యి కిందికి పెట్టి, చాచి, అడ్డంగా ఊపాడు. క్రేన్ కింద ఎన్నేళ్లు చేసిన సైగో అది. ఆగు.

అన్న ఆగాడు. స్ట్రెచర్ రెండు చేతులా పట్టుకున్నాడు. "నువ్వు పో," అన్నాడు డ్రైవరుతో. డ్రైవరు వెళ్లి నాలుగో మూల పట్టాడు. ఆ ముగ్గురికీ వాహనం లేదని తెలిసి, పెట్టెను వేరే అంబులెన్సులో ఎక్కించి, వాళ్లను తెల్లబండిలో కూర్చోబెట్టుకుని ముందుగా బయల్దేరాడు.

బండి కదిలిపోయాక అక్క ఫోన్ మొహం దగ్గరికి తెచ్చుకుంది. కళ్లు తుడుచుకోలేదు.

"తమ్మీ, వాళ్లింట్ల ఆడోళ్లకు ఇంకా చెప్పలేదట. గా ముగ్గురు మాట్లాడుకుంటుంటె విన్న. బండి ఇంటి ముంగట ఆపొద్దని చెప్పు. ఊరవతలనే ఆపి నడిచి పొమ్మను."

డ్రైవరు నంబరుకు కొట్టాను. మోగింది. ఎత్తలేదు. మళ్లీ కొట్టాను. బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తకూడదని అతనికి నేర్పింది అన్నే.